సమస్యాపూరణం: "మూడు కాళ్ల పక్షి మూట మోసె"

రేణిగుంట పెద్దాయన:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పక్షికి మూడు కాళ్లేమిటి, అది మూట మోయడమేమిటి అని కంగారు పడకండి. పాతకాలం పంకాల సరుకు విమానాలే వస్తువు. నేను వాయుసేనలో డకోటాలు, అంటే రెండు ఇంజన్ల పాత సరుకు విమానాలు, నడిపిన మనిషినని మీకు తెలుసు. కాబట్టి యతి తప్పినా ఊరుకుంటానేమో గానీ, విమానం తప్పితే ఊరుకోను.

పీలేరు అక్కయ్య:
*రాత్రి నాగపురము రన్‌వేపయిన్ వాలి*
*ఉత్తరాల సంచు లొప్పగించి*
*మరల నింపుకొనియె మద్రాసు జాబులు*
*మూడు కాళ్ల పక్షి మూట మోసె*

1949లో మొదలైన రాత్రి తపాలా విమానాలను తలచుకుని రాశాను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు.

పాకాల మాస్టారు:
ఉత్తరాల – లొప్పగించి, ఉకారానికి ఒకారం, యతి దివ్యంగా కుదిరింది. కానీ అమ్మా, 'నింపుకొనియె' దగ్గర వాక్యం ఆగిపోయింది. సమస్యాపాదం విడిగా వేలాడుతోంది. 'నింపుకొనుచు' అంటే గణం మారదు, పద్యం ఒక్క ఊపులో పోతుంది. ఇంకో మాట, పద్యంలో రన్‌వే ఏమిటి?

పీలేరు అక్కయ్య:
'కొనుచు' తీసుకుంటున్నాను సార్. రన్‌వే మాత్రం ఉంచుతాను. విమానం దిగాలి కదా!

పుత్తూరు అన్న:
నాది కొండ దారి.

*కర్ర యూతగొనుచు గాలిగోపురమెక్కె*
*ముడుపు గట్టి యవ్వ మురిసి మురిసి*
*మనుమ డనియె జూచి మనసార నవ్వుచు*
*మూడు కాళ్ల పక్షి మూట మోసె*

పాకాల మాస్టారు:
భేష్. రెండు కాళ్లు, ఒక చేతికర్ర. మనవడి నోట పెట్టడంతో సమస్య తేలిగ్గా విడిపోయింది. అయితే అవ్వను పక్షి అనడానికి పై మూడు పాదాల్లో ఆధారం లేదు.

రేణిగుంట పెద్దాయన:
పద్యం బాగుంది, విమానం లేదు. అలిపిరి నుంచి నడిచి వెళ్లిన వాళ్లకు వేరే వారం పెడదాం.

శ్రీకాళహస్తి కుర్రాడు:
*తోక నొకటి ముందు రెండైన చక్రాలు*
*ముక్కు నింగి జూప మోర యెత్తి*
*లేహులోన దిగెను లెక్కింపకే చలిన్*
*మూడు కాళ్ల పక్షి మూట మోసె*

1948 మేలో వాయుసేన అధికారి మెహర్ సింగ్ గారు డకోటాను లడాఖ్‌లోని లేహ్‌లో దింపిన సంగతి సార్.

పాకాల మాస్టారు:
మొదటి పాదంలో 'తో'కు 'రె' ఎలా చెల్లుతుంది నాయనా? ఇలా మార్చి చూడు: *ముందు రెండు చక్రములు తోక నొక్కటి.* రెండో పాదంలో ముక్కూ మోరా ఒకటే, పునరుక్తి. 'మోర యెత్తి' తీసేసి 'మోత మోగ' అను.

రేణిగుంట పెద్దాయన:
అబ్బాయ్, నువ్వు డకోటాను సరిగ్గా చూశావు. నేలమీద ఉన్నప్పుడు దాని ముక్కు ఆకాశాన్నే చూస్తుంది. సీట్లో కూర్చుంటే ముందున్న నేల సరిగ్గా కనపడదు. అందుకే టాక్సీ చేసేటప్పుడు, అంటే నేలమీద నడిపేటప్పుడు, పక్క కిటికీలోంచి కూడా దారి చూసుకుంటూ పోవాలి. దిగాక కూడా నిశ్చింత లేదు. పక్కగాలి కొట్టిందంటే తోక పక్కకు లాగేస్తుంది, విమానం గిర్రున తిరిగిపోతుంది. తోకచక్రం నేలకానాక కూడా విమానాన్ని కుడి ఎడమలకు తిప్పే రడ్డర్ పెడళ్ల మీద కాళ్లు ఆడుతూనే ఉండాలి. అసలు టెన్షన్ గాల్లో కాదు, నేలమీదే.

కానీ ఒక చిక్కు. మెహర్ సింగ్ గారి విమానంలో లేహ్‌కు వచ్చింది జనరల్ తిమ్మయ్య. సైనికులు తరువాతి విమానాల్లో వచ్చారు. మూడో పాదంలో తొలిసారి దిగిన సంగతి చెప్పి నాలుగో పాదంలో మూటంటే ఎట్లా?

కుప్పం తమ్ముడు:
ప్యాకెట్ అనే సరుకు విమానానికీ మూడు కాళ్లే కదా సార్? 1962లో లడాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగిందే, 16 వేల అడుగులకు పైన!

రేణిగుంట పెద్దాయన:
మూడే. కానీ దాని మూడో కాలు ముక్కు కింద ఉంటుంది, తోక కింద కాదు. అందుకని నేలమీద బుద్ధిగా సమంగా నిలబడుతుంది. పైగా వీపు మీద చిన్న జెట్ ఇంజన్ ఒకటి తగిలించారు. దాని మీద రాస్తే ఆ జెట్‌ను వదలొద్దు. నువ్వే రాయి.

ఇక నా పూరణ.

*వాన నీరు కారె పైలట్ల తొడపైన*
*చమురు కారె రెక్క చారలుగను*
*ఐన నాగకుండ నందించె బియ్యమున్*
*మూడు కాళ్ల పక్షి మూట మోసె*

ఇందులో అతిశయోక్తి లేదు. వాన పడితే ముందు అద్దం అంచుల్లోంచి నీళ్లు ఒళ్లోకే వచ్చేవి. ఇంజన్‌కు 14 సిలిండర్లు, గుండ్రంగా అమర్చి ఉంటాయి. రాత్రంతా నిలబెడితే కింది సిలిండర్లలోకి చమురు దిగి నిండుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే లోపల రాడ్ వంగిపోతుంది. అందుకని తెల్లవారుజామున కుర్రాళ్లు పంకాను చేత్తో పట్టి ఒక్కో ఆకునూ తిప్పేవాళ్లు. స్టార్ట్ అయ్యాక గుప్పున తెల్ల పొగ, దాని వెంట ఆ వాసన.

ఈశాన్య కొండల్లో బియ్యం పారాచూట్ లేకుండానే పడేసేవాళ్లం. లోపల ఒక గోతం, దానిమీద వదులుగా ఇంకో గోతం. లోపలిది పగిలినా గింజలు పైదాంట్లోనే ఉంటాయి. తలుపు ఉండదు. గంట మోగగానే వెనక మనుషులు కాళ్లతో తోసేవాళ్లు. ఆ క్షణంలో బరువు తగ్గి విమానం ఎగిరి పడేది, కంట్రోల్ చక్రం పట్టిన చేతికి తెలిసేది.

పుత్తూరు అన్న:
పెద్దాయనా, 'వా'కు 'పై' యతి చెల్లుతుందా?

పాకాల మాస్టారు:
చెల్లుతుంది. ప, ఫ, బ, భలకు వకారంతో మైత్రి ఉంది, ఆకారానికి ఐకారంతో ఉంది. నాకు ఇబ్బందల్లా 'కారె' రెండుసార్లు రావడం. రెండోది 'చమురు జారె' అంటే పోదూ?

రేణిగుంట పెద్దాయన:
పోదు మాస్టారూ, డకోటాలో రెండూ కారేవే. వచ్చే వారం సమస్య పీలేరు అక్కయ్య ఇస్తారు. కందంలో ఇవ్వమ్మా, కుర్రాళ్లకు ప్రాస కూడా అలవాటవ్వాలి.