జర్మనీలో కొత్త స్నేహితులతో పుట్టినరోజు: ఏం వండాలి, ఏం పంపొచ్చు?

బ్రాడీపేట_అమ్మ: మా అమ్మాయి మ్యూనిక్‌లో ఎమ్మెస్‌లో చేరింది. నవంబరులో పుట్టినరోజు. హాస్టల్‌కి పది మందిని పిలుస్తుందట, అందరూ కొత్తవాళ్లే. వంట ఏం చెప్పమంటారు? గుంటూరు నుంచి ఏమైనా పంపొచ్చా?

పటమట_బాబాయ్: ముందు ఒక సంగతండీ. అక్కడ కేకు తెచ్చేది పుట్టినరోజు ఎవరిదో వాళ్లే. ఫ్రెండ్స్ సర్‌ప్రైజ్ చేస్తారని కూర్చుంటే ఆ రోజు అలాగే గడిచిపోతుంది. హోటల్‌కి పిలిచినా పిలిచినవాళ్లే బిల్లు కడతారనుకుంటారు. ఎవరిది వాళ్లు కట్టుకోవాలంటే మెసేజ్‌లోనే రాసెయ్యాలి.

ఇంకోటి, ముందురోజే శుభాకాంక్షలు చెబితే కీడని జర్మన్ల నమ్మకం. నవంబరులో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం. మీరిక్కడ రాత్రి పన్నెండుకి ఫోన్ చేసి స్పీకర్లో పాట పాడితే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. పక్కనున్న జర్మన్ పిల్ల మొహం చూడాలి! తెల్లవారుజామున నాలుగున్నరకి చెయ్యండి.

గుణదల_వంటిల్లు: రెండు వంటలు చాలు, పులిహోర, చికెన్ బిరియానీ. పులిహోరకి అరకిలో బియ్యం, 75 గ్రాముల చింతపండు, 100 మి.లీ. నూనె. నెయ్యి తగలకపోతే పాలు, నెయ్యి కూడా ముట్టని వీగన్లూ తింటారు, పొద్దున్నే కలిపి పెట్టుకోవచ్చు. పల్లీలు మాత్రం అందులో కలపొద్దు, తాలింపు నూనెలోనూ వేయించొద్దు. విడిగా వేయించి దూరంగా వేరే గిన్నెలో పెట్టాలి. అలర్జీ ఉన్నవాళ్లకి ఒక్క పలుకు తగిలినా ప్రమాదమే. ఇంగువ డబ్బా కూడా చూడమనండి, చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది, గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివాళ్లకి ఇబ్బంది కలగడానికి అది చాలు.

బిరియానీకి ముప్పావుకిలో బాస్మతి, కిలో చికెన్. కరెంటు పొయ్యి మీద దమ్ పెడితే అడుగంటడం ఖాయం, నాబ్ తగ్గించినా ప్లేటు వేడి వెంటనే దిగదు. కూర పూర్తిగా ఉడికించి, అన్నం ముప్పాతిక వంతు ఉడికాక పొరలు వేసి, మూత బిగించి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర అరగంట. ప్లాస్టిక్ పిడి ఉన్న గిన్నె వద్దు. మన గుంటూరు కారం ఇంట్లో వేసేదాంట్లో మూడో వంతు, రంగుకి బ్యాడిగి మిరపకారం.

తెనాలి_రోడ్డు: పది మందికి బిరియానీ దేనికండీ, పిల్ల అలిసిపోతుంది. పులిహోర, పెరుగుపచ్చడి, కొన్న కేకు. అంతే.

బ్రాడీపేట_అమ్మ: మిర్చి బజ్జీలు వేస్తానంటోంది!

గుణదల_వంటిల్లు: వద్దే వద్దు. హాస్టల్లో నూనె పొగకి అలారం మోగితే బిల్డింగంతా కిందికి దిగాలి. కొవ్వొత్తుల దగ్గర స్నో స్ప్రే కొట్టొద్దు, మంటంటుకుంటుంది. మొహానికి కేకు పూయడం మన దగ్గర సరదా, కొత్తవాళ్లకి అవమానంగా తోచొచ్చు.

అరండల్‌పేట_పార్సిల్: పాలకోవా, చికెన్ పచ్చడి పంపకండి. పాల పదార్థాలు, మాంసం మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు, పోస్టులోనూ లగేజీలోనూ. గోంగూర అయితే సీసా మూత కింద పాలిథిన్ కవరు పరిచి బిగించి, టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టండి. నూనె కారేది మూత దగ్గరే. బహుమతి పార్సిల్ విలువ 45 యూరోలు దాటితే పన్ను పడుతుంది. ఫారంలో ఒక్కో వస్తువు పేరు, బరువు, విలువ విడివిడిగా రాయాలి.

పటమట_బాబాయ్: ఆదివారం పార్టీ అయితే సరుకులు శనివారమే కొనమనండి, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. రాత్రి పది దాటాక పాటలు ఆపాలి. కూల్‌డ్రింక్ ఖాళీ ప్లాస్టిక్ సీసాలు నలపకుండా సంచీలో వేసి దుకాణంలో ఇచ్చేస్తే సీసాకి 25 సెంట్లు తిరిగొస్తాయి.