నార్మండీకి పాత జీపుల యాత్ర: గౌరవమా, ప్రదర్శనా?

చర్చ ప్రారంభించిన పాఠకురాలు:
రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు దిగిన, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి ఏటా జూన్‌లో బ్రిటన్ నుంచి, ఇతర ఐరోపా దేశాల నుంచి ఆనాటి జీపులు, జీఎంసీ లారీలు బారులు తీరి వెళ్తాయి. వాటిని నడిపేవారిలో చాలామంది సైనిక దుస్తులు ధరించి, ఆ యుద్ధంలో పోరాడిన వృద్ధుల చుట్టూ చేరి ఫొటోలు తీసుకుంటారు. ఆ పోరులో దాదాపు 20,000 మంది నార్మండీ పౌరులు కూడా మరణించారు. కాన్, సెయింట్ లో పట్టణాలు ప్రధానంగా మిత్రరాజ్యాల బాంబులకే శిథిలమయ్యాయి. అటువంటి నేల మీద ఈ వేషధారణ తగునా? వాహనాలను మ్యూజియంలో ఉంచితే చాలదా?

జీపు యజమాని:
చాలదండీ. మ్యూజియంలో జీపును దూరం నుంచి చూడగలమే గాని, దానిమీద చెయ్యి వేయలేము. విల్లీస్, ఫోర్డ్ సంస్థలు యుద్ధకాలంలో 6,00,000కు పైగా జీపులు తయారుచేశాయి కనుక, ఏ దళంలో పనిచేసినవారికైనా అది పరిచితమైన వాహనమే. నార్మండీలోని బేయూ పట్టణంలో ఆ యుద్ధంలో పోరాడిన ఒక పెద్దాయన నా జీపు బంపరుకు నిలువుగా బిగించిన ఇనుప కమ్మీని పట్టుకుని, ముందు అద్దాన్ని మడిచి వెళ్లేవారి మెడలు తెగేలా శత్రువులు దారికి అడ్డంగా తీగ కట్టేవారని, ఆ తీగను తెంపడానికే దీనిని అమర్చారని తన మనవరాలికి వివరించారు. ఆ తరువాత, గాయపడినవారి స్ట్రెచర్లను జీపు మీద ఎక్కడెక్కడ కట్టేవారో ఒక్కొక్క చోటునే తాకి చూపారు. అంతకుముందు నేను అడిగిన ప్రశ్నలకు ఆయన ముక్తసరిగా తలాడించారంతే.

వృద్ధ సైనికులకు తోడుగా వెళ్లే స్వచ్ఛంద సేవకురాలు:
మీ అనుభవాన్ని కాదనను, కాని దాని రెండో వైపు కూడా చూడాలి. 2024లో 80వ వార్షికోత్సవానికి వచ్చినవారు దాదాపు వందేళ్ల వయసువారు. జీపుకు తలుపులు ఉండవు, కమాను పట్టీలు బిరుసు, ఎక్కడమే వారికి ప్రయాస. అయినా ఎదుటివారిని నొప్పించలేక ఒప్పుకుంటారు. ఎండలో నిలబెట్టి పదిమంది వరుసగా ఫొటోలు తీసుకున్నాక ఆ పెద్దలు మధ్యాహ్నం జరిగే నివాళికి రాలేకపోవడం నేను చూశాను. ఇంజను ఆపి, కుటుంబ సభ్యులను అడిగి, వాహనాన్నే వారి కుర్చీ దగ్గరకు తీసుకువెళ్లండి. కోల్విల్‌లో 9,300కు పైగా సమాధులున్న అమెరికన్ శ్మశానవాటిక వంటి చోట్లకు బారుగా వెళ్లవద్దు.

జీపు యజమాని:
ఈ రెండూ న్యాయమైన మాటలే. మా బృందానికి నియమాలుగా ప్రతిపాదిస్తాను. అయితే ఆ తరం వెళ్లిపోయాక యాత్ర మానేయాలని కొందరు వాదిస్తారు, దానిని మాత్రం అంగీకరించను. కమ్మీ ఎందుకుందో చెప్పగలవారు మిగలనప్పుడు, ఆ బాధ్యత వారి నోట విన్న మా మీదే పడుతుంది.

చర్చ ప్రారంభించిన పాఠకురాలు:
ఆ బాధ్యతను తీసుకునేటట్లయితే వాహనాల పట్ల నా అభ్యంతరాన్ని వదులుకుంటున్నాను. అయితే కాన్‌లో ఆగినప్పుడు బాంబుల కింద చనిపోయిన పౌరుల గురించి కూడా చెప్పండి. ఇక దుస్తుల విషయంలో నా మాట మారదు: తాము సంపాదించని హోదా చిహ్నాలను, పతకాలను ధరించి, వాటిని నిజంగా పొందినవారి ఎదుట నిలబడడం ఏ విధంగానూ గౌరవం కాదు. మామూలు బట్టలతో వచ్చినా మీ జీపు చెప్పవలసింది చెబుతుంది.