స్కూల్ రేటింగ్ బాగోలేదని లెటర్ వచ్చింది, ట్రాన్స్‌ఫర్ అడగాలా, ఫ్రీ ట్యూటరింగ్ అడగాలా? (టెక్సస్)

నాలుగో తరగతి అమ్మ:

అందరికీ నమస్కారం. మేం టెక్సస్ వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. బాబు ఇప్పుడు నాలుగో గ్రేడ్, పోయినేడాది స్టార్ పరీక్షలో (టెక్సస్ రాష్ట్రం పెట్టే పరీక్ష) మ్యాథ్స్‌లో "డిడ్ నాట్ మీట్", అంటే ఫెయిల్, వచ్చింది. దాంతోనే టెన్షన్ పడుతుంటే ఇప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ (మా ఏరియా స్కూళ్లని నడిపే సంస్థ) నుంచి ఒక లెటర్, మీ స్కూల్ పెగ్ లిస్టులో, అంటే రేటింగ్ బాగోని స్కూళ్ల లిస్టులో ఉంది, వచ్చే ఏడాదికి వేరే స్కూల్‌కి ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు అని. వేరే రాష్ట్రంలో ఉన్న మా ఫ్రెండ్ అయితే "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే కేంద్ర చట్టం కింద ట్రాన్స్‌ఫర్ ఇచ్చి తీరాలి, బస్సు కూడా వాళ్లే పెట్టాలి, ట్యూషన్ కూడా ఫ్రీ" అంటోంది. అపార్ట్‌మెంట్ లీజు ఇంకా చాలా ఉంది, ఇల్లు మారలేం. ప్రైవేటు ట్యూషన్ పెట్టించే స్తోమత ఇప్పుడు లేదు. మేం వీసా మీద ఉన్నాం, ఇలాంటివన్నీ అడిగితే ఏమైనా ఇబ్బందా? ఎవరికైనా తెలిస్తే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పాత టీచర్:

మీ ఫ్రెండ్ గారు చెప్పింది ఒకప్పుడు నిజమేనండి. 2002లో వచ్చిన ఆ చట్టం ప్రకారం టైటిల్ వన్ డబ్బు (పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లకి కేంద్రం ఇచ్చే నిధులు) తీసుకునే స్కూల్ వరసగా రెండేళ్లు టార్గెట్ అందుకోకపోతే పిల్లలకి అదే డిస్ట్రిక్ట్‌లో వేరే స్కూల్‌కి వెళ్లే అవకాశం ఇవ్వాలి, బస్సు ఖర్చు కూడా డిస్ట్రిక్ట్‌దే. మూడో ఏడాది కూడా అందుకోకపోతే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి ఉచితంగా ట్యూటరింగ్. కానీ 2015 డిసెంబరులో దాని స్థానంలో ఎస్సా (ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్) అనే చట్టం వచ్చింది, ఇప్పుడు అవి రెండూ తప్పనిసరి కావు. బాగా వెనకబడిన స్కూళ్ల పిల్లలకి డిస్ట్రిక్ట్ ఇష్టపడితే ట్రాన్స్‌ఫర్ ఇవ్వొచ్చు, టైటిల్ వన్ నిధుల్లో 5 శాతం దాకా బస్సులకి వాడుకోవచ్చు, అంతే. కాబట్టి ఆఫీసుకి వెళ్లి పాత చట్టం పేరు చెప్పి వాదించకండి, అక్కడే ఆగిపోతుంది.

మీ చేతిలో ఉన్నది పెగ్, అంటే పబ్లిక్ ఎడ్యుకేషన్ గ్రాంట్. ఇది టెక్సస్ సొంత చట్టం, 1995 నుంచి ఉంది. దీంతో మీ డిస్ట్రిక్ట్‌లోనే ఇంకో స్కూల్ అడగొచ్చు, పక్క డిస్ట్రిక్ట్‌ని కూడా అడగొచ్చు. పేరులో గ్రాంట్ ఉంది కానీ మీ చేతికి డబ్బేమీ రాదు. పక్క డిస్ట్రిక్ట్ ఒప్పుకోవచ్చు, సీట్లు లేవని కాదనొచ్చు కూడా, ఆ హక్కు వాళ్లకి ఉంది. అయితే బాబు మార్కులు తక్కువనో, ఇంగ్లిష్ సరిగ్గా రాదనో కాదనకూడదు, చట్టంలోనే రాసి ఉంది. ఇంకోటి, బస్సు గురించి ఆశ పెట్టుకోకండి. మీ డిస్ట్రిక్ట్ బాధ్యత ఇప్పుడున్న స్కూల్ వరకే, అక్కడి నుంచి కొత్త స్కూల్‌కి మీరే దింపి తెచ్చుకోవాలి. రోజూ ఇద్దరిలో ఎవరు వెళ్లగలరో ముందు ఇంట్లో తేల్చుకుని తర్వాతే ఫారం నింపండి, ఎందుకంటే మధ్యలో మానేస్తే నలిగేది బాబే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ట్రాన్స్‌ఫర్ దొరికినా దొరక్కపోయినా ట్యూటరింగ్ మీ బాబుకి ఇప్పుడే రావాలి. స్టార్‌లో ఫెయిలైన పిల్లలకి టెక్సస్ స్కూళ్లు అదనపు బోధన ఇచ్చి తీరాలి. 2023లో హెచ్‌బీ 1416 అనే టెక్సస్ చట్టం ఆ నియమాలని సవరించింది. సబ్జెక్టుకి కనీసం 15 గంటలు, స్కోరు మరీ తక్కువైతే 30. గ్రూపులో మామూలుగా నలుగురికి మించకూడదు. దీని బదులు బాగా చెబుతారని రాష్ట్రం గుర్తించిన టీచర్ క్లాసులో బాబుని వేసే వెసులుబాటు కూడా స్కూల్‌కి ఉంది, అదైనా మంచిదే. దీనికి ఆదాయంతో పని లేదు. పిల్లల రీసెస్ (ఆటల విరామం) కోసేసి ఈ క్లాసు పెట్టకూడదు. తల్లిదండ్రులు వద్దని రాసిస్తే స్కూల్ ఈ అదనపు క్లాసు ఆపేయొచ్చు, అందుకే స్కూల్ నుంచి వచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టకండి.

నాలుగో తరగతి అమ్మ:

చాలా థాంక్సండి, ఈ 15 గంటల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు! బాబు అయితే ఎక్స్‌ట్రా క్లాసు ఏమీ లేదంటున్నాడు. ఎవరిని అడగాలి, టీచర్‌నా, ప్రిన్సిపల్‌నా?

పాత టీచర్:

ఇద్దరికీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే "చూస్తాం" అంటారు, అది ఎక్కడా మిగలదు. మా అబ్బాయికి అదనపు మ్యాథ్స్ క్లాసు ఏ రోజుల్లో, ఎవరు చెబుతున్నారు, గ్రూపులో ఎంతమంది, ఇప్పటిదాకా ఎన్ని గంటలు అయ్యాయి, అని నాలుగు ముక్కలు చాలు. కొన్నిసార్లు స్కూల్ టైమ్‌లోనే జరుగుతుంటుంది, పిల్లలకి అది ప్రత్యేకమైన క్లాసని కూడా తెలీదు. ముందు కనుక్కోండి, లేదని తేలితే అప్పుడు గట్టిగా అడగండి.

హ్యూస్టన్ నాన్న:

వీసా సంగతి నేను చెప్తానండి. పబ్లిక్ స్కూల్లో అడ్మిషన్‌కి, ట్యూటరింగ్‌కి, ట్రాన్స్‌ఫర్‌కి ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేదు. 1982లో ప్లయ్‌లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అసలు కాగితాలే లేని పిల్లల్ని కూడా స్కూల్ కాదనడానికి లేదని. ఆ కేసు మన టెక్సస్‌లోని టైలర్ ఊరిదే. మీరు నిశ్చింతగా అడగండి. ఇంగ్లిష్‌లో మాట్లాడటం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, ఆ ఖర్చు మీది కాదు. ఫోన్ లైన్‌లోనైనా ఎవరినైనా ఏర్పాటు చేస్తారు, బాబునే కూర్చోబెట్టి చెప్పించుకునే పరిస్థితి రానివ్వకండి.

ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో, అంటే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే ఫారంలో, ఏం రాశారు? మనవాళ్లు చాలామంది పిల్లాడిని ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లల క్లాసు) వేస్తారేమోనని భయపడి ఇంగ్లిష్ అని రాసేస్తారు. తెలుగు అని రాసి ఉంటే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, అవసరమనుకుంటే ఎల్‌ప్యాక్ కమిటీ (పిల్లల ఇంగ్లిష్ స్థాయి చూసే స్కూల్ కమిటీ) సాయం సూచిస్తుంది, మీరు ఒప్పుకుంటేనే ఆ ప్రోగ్రాంలో పెడతారు. మ్యాథ్స్ స్టార్‌లో సగం కష్టం లెక్కల్ది కాదు, ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానిది. బాబుకి కూడికలు, గుణకారాలు నోటితో అడిగితే వస్తున్నాయా? వస్తూ ఉండి ప్రశ్న దగ్గర తడబడుతుంటే స్కూల్ మార్చినా ఆ సమస్య వెంటే వస్తుంది.

నాలుగో తరగతి అమ్మ:

నోటితో అడిగితే ఎక్కాలన్నీ గబగబా చెప్పేస్తాడండి! భిన్నాల దగ్గర మాత్రం ఆగుతాడు. సర్వేలో తెలుగు అనే రాశాం, కమిటీ గురించి రేపే అడుగుతాను.

గోదారి పిల్ల:

నేను కొంచెం వేరేగా చెప్తాను. రేటింగ్ ఒక్కటే చూసి కదిలిపోకండి. టెక్సస్ రిపోర్ట్ కార్డులో ఎంతమంది పాసయ్యారన్నది వేరు, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్నది వేరు. మీరు వెళ్లాలనుకునే స్కూల్‌కి ఏ గ్రేడ్ వచ్చిందో కాదు, అక్కడ మీ బాబులాంటి పిల్లలు, అంటే ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు ఎలా చదువుతున్నారో విడిగా ఇస్తారు, ఆ వరస చూడండి. పైకి మంచి గ్రేడ్ ఉన్నా ఆ పిల్లల అంకెలు బాగోని స్కూళ్లు ఉంటాయి. అలాంటిదానికి రోజూ అరగంట కారులో తీసుకెళ్లడం నాకైతే సబబుగా అనిపించదు. ఇప్పుడున్న టీచర్ బాబుని పట్టించుకునే మనిషైతే అది చిన్న విషయం కాదు. స్కూల్ టైటిల్ వన్ అయితే టీచర్ అర్హతలు అడిగే హక్కు కూడా మీకుంది.

ఈలోగా లైబ్రరీ కార్డు తీసుకోండి. చాలా పబ్లిక్ లైబ్రరీలు ట్యూటర్ డాట్ కామ్ గానీ బ్రెయిన్‌ఫ్యూజ్ గానీ ఇస్తాయి, ఆన్‌లైన్‌లో మనిషే వచ్చి లెక్క చెప్తారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఊరి లైబ్రరీలో ఏది ఉందో కౌంటర్‌లో అడగండి. ఖాన్ అకాడమీ కూడా ఉచితమే, కానీ బాబుని ఒంటరిగా దాని ముందు వదిలేస్తే వీడియోలు చూసి లేచిపోతాడు, పక్కన మీరో వాళ్ల నాన్నగారో కూర్చోవాలి. భిన్నాలు మూడో గ్రేడ్ నుంచి మొదలుపెట్టండి, నాలుగు నుంచి కాదు.

పాత టీచర్:

ఆవిడ చెప్పింది కరెక్టే, ముఖ్యంగా ఆ విడి అంకెల సంగతి. అయినా పెగ్ ఫారం పెట్టడం మాత్రం మానకండి. అప్లికేషన్ పెట్టినంత మాత్రాన వెళ్లి తీరాలని లేదు, సీటు వచ్చాక ఆ స్కూల్ చూసొచ్చి వద్దనుకోవచ్చు. గడువు ఒక్కో డిస్ట్రిక్ట్‌కి ఒక్కోలా ఉంటుంది, అది దాటితే ఏడాది పోతుంది. ఈ వారంలోనే ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి ఫోన్ చేసి చివరి తేదీ కనుక్కోండి, ఈమెయిల్‌కి స్కూల్ ఏం జవాబిచ్చిందో ఇక్కడ పెట్టండి.