పెళ్లయి 20 నెలలు, పాపకి 8 నెలలు: బంగారం, ఫ్లాట్, కస్టడీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

తెల్లకాగితం:
గత 6 నెలలుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. ఇద్దరికీ మళ్లీ కలిసే ఉద్దేశం లేదు, హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకారంతో విడిపోదాం అనుకున్నాం. కానీ వాళ్ల లాయర్ పంపిన డ్రాఫ్ట్ చదివిన దగ్గర్నుంచీ నిద్ర పట్టడం లేదు. "బంగారం మొత్తం ముట్టింది" అని ఒక లైను, "పాప ఖర్చులకు ఇకపై ఏమీ అడగను" అని ఇంకో లైను. బంగారం ఇప్పటికీ అత్తగారి లాకర్లోనే ఉంది! ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది, అయినా 8 నెలల ఈఎంఐ నా జీతంలోంచే వెళ్లింది. అడిగితే "ఏడాదిన్నర కాపురానికి హక్కులేంటి" అంటున్నారు. నిజంగా ఏమీ రాదా?

గోరింట:
ముందు సంతకం మాత్రం పెట్టకండి. నా కాపురం 11 నెలలే, నాకూ ఇదే మాట చెప్పారు. పెళ్లిలో మీకు పెట్టిన బంగారం స్త్రీధనం, అది మీ సొంతం, ఎన్నాళ్లు కాపురం చేశారన్నదాంతో దానికి సంబంధం లేదు. లాకర్లో పెట్టినంత మాత్రాన వాళ్లది అయిపోదు, కేవలం దాచిపెట్టినట్టే అని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. కాకపోతే ఏమేం ఉన్నాయో మనమే చూపించాలి. నేను పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని, ఫోటోలో కనిపించిన ప్రతి నగా నోట్‌బుక్‌లో రాసి, పక్కన బిల్లులో ఉన్న గ్రాములు వేశాను. మీడియేషన్ గదిలో టేబుల్ మీద తువ్వాలు పరిచి, ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ తీసుకున్నాం. రెండు గాజులు తక్కువొచ్చాయి. లిస్టు ఉంది కాబట్టే వారం తర్వాత అవీ తెచ్చిచ్చారు. చేతికి అందాకే "ముట్టింది" అని రాయండి.

ఈఎంఐబాధితుడు:
ఫ్లాట్ సంగతి నేను చెప్తాను, వినడానికి కష్టంగా ఉన్నా. మన దగ్గర విడాకులు తీసుకుంటే ఆస్తి చెరి సగం అనే చట్టం లేదు, ఎవరి పేరున రిజిస్టర్ అయితే వాళ్లదే. అయినా మీ అకౌంట్ నుంచి వెళ్లిన ప్రతి ఈఎంఐకీ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి, సెటిల్‌మెంట్‌లో ఆ డబ్బు వెనక్కి అడగడానికి అదే ఆధారం. ఇంకో మాట, లోన్‌లో మీరు కో-అప్లికెంట్ కాదు కదా? నాకు డిక్రీ వచ్చాక కూడా బ్యాంకు నుంచి ఫోన్లు ఆగలేదు. విడాకుల కాగితం బ్యాంకుకి పట్టదు, వాళ్లు ఒప్పుకుని పేరు తీసేదాకా బాకీ మనదే. ఇది పిటిషన్‌కి ముందే తేల్చుకోవాల్సింది, నేను తేల్చుకోలేదు.

గోరింట:
అన్నట్టు, 13బి (హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల సెక్షన్) కింద వెళ్లాలంటే ఏడాది విడిగా ఉండాలి అని చట్టంలో ఉంది, మీకు 6 నెలలే అయింది. పిటిషన్ వేశాక ఆగాల్సిన 6 నెలల గడువు అయితే కోర్టు తగ్గించవచ్చు, 2017 నుంచి ఆ వీలుంది. అంటే మిమ్మల్ని ఇంత కంగారు పెట్టాల్సిన పని వాళ్లకి లేదు. భరణం దగ్గర మాత్రం పెళ్లి ఎన్నాళ్లు నిలిచిందో కోర్టు చూస్తుంది. మీకు ఉద్యోగం ఉంది, పెళ్లి చిన్నది కాబట్టి మీకోసం పెద్ద మొత్తం ఆశించకండి. పాపది వేరే లెక్క.

శనివారంనాన్న:
పాప గురించి ఒక తండ్రిగా చెప్తున్నానమ్మా. పిల్లల సంరక్షణ గురించిన 1956 హిందూ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉంటుంది, అన్నిటికన్నా బిడ్డ మేలే ముఖ్యం. పాప ఖర్చు అడిగే హక్కు పాపది, మీరు సంతకం పెట్టి వదిలేస్తే పోయేది కాదు. ఆ లైను కొట్టించేయండి. కానీ బంగారం ఇచ్చేదాకా పాపని చూపించను అని మాత్రం అనకండి, దయచేసి. మా బాబు విషయంలో అదే జరిగింది. ఒప్పందంలో "వీలున్నప్పుడు చూడవచ్చు" అని రాశారు, ఆ వీలు నాలుగు నెలలు రాలేదు. మళ్లీ కోర్టుకెళ్లి ప్రతి శనివారం 10 నుంచి 1 దాకా అని రాయించుకున్నాను. మొదటిసారి కోర్టులో పిల్లల గదికి నీలం రంగు బొమ్మకారు పట్టుకెళ్తే వాడు వాళ్లమ్మ చున్నీ వదల్లేదు. అయినా ప్రతి వారం అదే కారు తీసుకెళ్లాను. కాబట్టి రోజు, టైము, చోటు అన్నీ రాయించండి, మీకూ టెన్షన్ ఉండదు.

గోరింట:
లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి జీతంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఆ డ్రాఫ్ట్ పట్టుకెళ్లండి.

తెల్లకాగితం:
అందరికీ థ్యాంక్స్ అండి. సోమవారం వెళ్తున్నాను. లోన్‌లో నా పేరు లేదు, ఇప్పుడే చూసుకున్నాను. అమ్మా నేనూ ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నాం, 17 వస్తువులు రాశాం, మూడింటికి బిల్లులు దొరకలేదు. పాపని చూపించనని నిన్ననే ఫోన్‌లో అనేశాను అన్నా, రేపు నేనే ఫోన్ చేసి ఆదివారం రమ్మంటాను. మీ బాబు ఇప్పుడు మీ దగ్గరికి వస్తున్నాడా?

శనివారంనాన్న:
వస్తున్నాడమ్మా. ఐదో శనివారం వచ్చి కారు లాక్కున్నాడు. మొన్న దాని చక్రం ఊడిపోతే, బాగుచేయమని నా చేతిలో పెట్టి వెళ్లాడు.