ఉప్పులో బతికే ఆర్కియా గురించి రెండు మూడు సందేహాలు

మైక్రో_సెకండియర్:
అందరికీ నమస్కారం. బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఆవకాయలో అంత ఉప్పు వేసేదే బూజు పట్టకుండా కదా, ఉప్పు ఎక్కువైతే కణంలోని నీళ్ళు బయటికి లాగేసి చంపేస్తుందని మాకూ చెప్పారు, అంతవరకూ అర్థమైంది. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో బే దగ్గరి ఉప్పు మడుల ఫొటోలు చూస్తే నీళ్ళు ఎర్రగా, గులాబీగా ఉన్నాయి. అదంతా హాలోఆర్కియా (ఉప్పులో బతికే ఆర్కియా, అంటే బ్యాక్టీరియాలా కనిపించినా వాటికి వేరైన ఒక రకం సూక్ష్మజీవులు) అంటున్నారు. సముద్రంలో 3.5 శాతం ఉప్పుంటే అలాంటి మడుల్లో 25, 30 శాతం దాకా పోతుందట. అందులో ఇవెలా బతుకుతున్నాయి? రెండోది, వీటి ఉపయోగాలు అనేచోట నోట్సులో "పరిశ్రమల్లో, పరిశోధనల్లో వాడతారు" అని ఒక్క లైను రాసి వదిలేశారు. ఏ పరిశోధన? సెమినార్ ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది.

ఉప్పుటేరు:
బయట ఉప్పు ఎంతుందో లోపలా దాదాపు అంతే పెట్టుకుంటాయి తమ్ముడూ, కిటుకు అదే. కాకపోతే బయటిది సోడియం క్లోరైడ్, లోపల నింపుకునేది ఎక్కువగా పొటాషియం క్లోరైడ్. సోడియంను పంపులతో బయటికి తోసేస్తూ పొటాషియంను లోపల పోగేసుకుంటాయి, రెండు వైపులా సరిసమానమైతే నీళ్ళు బయటికి పోయే అవసరమే లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అంత ఉప్పులో మామూలు ప్రోటీన్లు ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి. వీటి ప్రోటీన్ల పైభాగమంతా అస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల వల్ల రుణావేశంతో నిండి ఉంటుంది, ఆ ఆవేశం చుట్టూ నీళ్ళనూ అయాన్లనూ పట్టి ఉంచుకుని ప్రోటీన్ కరిగే ఉంటుంది. అయితే ఉప్పు తగ్గిందంటే ఆ రుణావేశాలే ఒకదాన్నొకటి నెట్టుకుని ప్రోటీన్లు విప్పుకుపోతాయి. హాలోబ్యాక్టీరియం సాలినారంను (పేరు అలా ఉన్నా ఇదీ ఆర్కియానే) మంచినీళ్ళలో వేసి చూడు, పై గోడ ఊడిపోయి కణం పగిలిపోతుంది. ఉప్పును ఓర్చుకోవడం వేరు, ఇవి ఉప్పు లేకుండా బతకనే లేవు.

ఇంకో మాట, ఎర్రగా కనిపించినదంతా ఆర్కియా అని సెమినార్‌లో చెప్పేయకు. డ్యునాలియెల్లా అనే నాచు కూడా రంగు తెస్తుంది, అదేమో లోపల గ్లిజరాల్ తయారుచేసుకుని నెట్టుకొస్తుంది. సాలినిబ్యాక్టర్ రూబర్ అని ఒకటుంది, అది నిజంగానే బ్యాక్టీరియా, అయినా ఆర్కియా లాగే పొటాషియం దారి పట్టింది.

ల్యాబ్‌కోటు:
పై సమాధానం బాగుంది, నేను ఉపయోగాల సంగతి చెబుతాను. పరిశ్రమల గురించి రాసేవాళ్ళు కొంచెం ఎక్కువే రాస్తారని నా అభిప్రాయం. హాలోఫెరాక్స్ మెడిటెరానీ మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌ను తయారుచేస్తుంది, అంత ఉప్పులో వేరే సూక్ష్మజీవులు పెద్దగా చేరవు కాబట్టి స్టెరిలైజ్ చేసే ఖర్చు తగ్గుతుంది, ఇదంతా నిజమే. కానీ అదే ఉప్పు స్టీలు ట్యాంకులను తినేస్తుంది, చివర్లో మిగిలే ఉప్పునీళ్ళు ఎక్కడ పారబోయాలో తెలియదు.

పరిశోధనలో మాత్రం వీటి ఖాతా చాలా పెద్దది. సాలినారం పొరలో ఊదా రంగు మచ్చలుంటాయి, వాటిలోని బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్‌ను 1971లో ఎస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ గుర్తించారు. మన కంటిలో ఉన్నట్టే దీనిలోనూ రెటినాల్ ఉంటుంది, వెలుగు పడితే ప్రోటాన్లను బయటికి పంపు చేస్తుంది. చిక్కటి ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ సరిగా కరగదు కాబట్టి కణానికి ఇదొక ఆసరా. దీన్ని కిరణజన్య సంయోగక్రియ అని మాత్రం రాయకు, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర చేసే పని ఇక్కడ లేదు.

నాకు బాగా నచ్చేది 1974 ప్రయోగం. రాకర్, స్టోకెనియస్ కలిసి సోయా కొవ్వులతో చిన్న బుడగలు చేసి, వాటిలో ఈ ఆర్కియా ప్రోటీన్‌నూ ఆవు గుండె మైటోకాండ్రియా నుంచి తీసిన, ఏటీపీ (కణం వాడుకునే ఇంధనం) తయారుచేసే ఎంజైమ్‌నూ పెట్టి లైటు వేశారు. ఏటీపీ తయారైంది! ఆ రెండు ప్రోటీన్లకూ ఏ చుట్టరికమూ లేదు, మధ్యలో ఉన్నది ప్రోటాన్ల తేడా ఒక్కటే, అంటే పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడాతోనే ఏటీపీ తయారవుతుందని పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త అంతకుముందు నుంచీ వాదిస్తున్నదే కరెక్ట్ అని తేలింది. ఆయనకు 1978లో నోబెల్ వచ్చింది. ఇదే ప్రోటీన్ ఆకారాన్ని 1975లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూపించిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ హెండర్సన్‌కు 2017లో నోబెల్ ఇచ్చారు.

ఇక క్రిస్పర్, అంటే ఇప్పుడు జన్యువులు కత్తిరించడానికి వాడుతున్న, సూక్ష్మజీవుల నుంచి వచ్చిన పద్ధతి. స్పెయిన్‌లోని శాంటా పోలా ఉప్పు మడుల నుంచి వచ్చిన ఆ మెడిటెరానీ మీదే ఫ్రాన్సిస్కో మోహికా పనిచేశాడు. దాని డీఎన్ఏలో మళ్ళీమళ్ళీ వచ్చే వరుసలను 1993లో ప్రకటించాడు, ఆ వరుసల మధ్య ఉన్న ముక్కలు వైరస్‌లవని, ఇది రోగనిరోధక వ్యవస్థ కావచ్చని 2005లో రాశాడు. ఇలాంటి వరుసలు ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో జపాన్‌వాళ్ళకు 1987లోనే కనిపించాయి, ఇప్పుడు జన్యువులు కత్తిరించడానికి ఎక్కువగా వాడే క్యాస్9 అనే ఎంజైమ్ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది, కాబట్టి క్రిస్పర్ మొత్తాన్నీ ఆర్కియా ఖాతాలో వేయకూడదు. క్రిస్పర్‌కు ఇచ్చిన 2020 నోబెల్‌లో మోహికా పేరు లేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

టెక్కలి_బుల్లోడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఉప్పు చేప ఒక్కోసారి గులాబీ రంగుకు తిరిగి కంపు కొడుతుంది, అది కూడా ఇవేనా? తింటే ఏమవుతుంది?

ఉప్పుటేరు:
చాలావరకు ఇవేనండి. మడిలో ఉప్పు గట్టిపడేటప్పుడు స్ఫటికాల లోపలి చుక్క నీళ్ళలో ఇవి చిక్కుకుని బతికే ఉంటాయి, ఆ ఉప్పు చేపకు పట్టించి వేడిగా ఉన్నచోట పెడితే పెరుగుతాయి. ఇవి మనుషులకు జబ్బు తెస్తాయని తెలియదు గానీ, రంగు తిరిగిందంటే చేప మాంసం చెడుతున్నట్టే, వేడిలో ఉంది కాబట్టి వేరేవీ పెరిగి ఉండొచ్చు. పారేయడమే మంచిది. చల్లటి చోట ఉంచితే ఇవి పెరగవు.

మైక్రో_సెకండియర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. అయితే గళ్ళ ఉప్పు తెచ్చి మా ల్యాబ్‌లో పెంచొచ్చా? గ్రామ్ స్టెయిన్ (కణాలకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) కూడా చేసి చూపించాలని ఉంది.

ల్యాబ్‌కోటు:
పెంచొచ్చు. శుద్ధి చేసిన ప్యాకెట్ ఉప్పు వద్దు, మడి నుంచి నేరుగా వచ్చిన గళ్ళ ఉప్పు తీసుకో. మీడియంలో 20 నుంచి 25 శాతం ఉప్పు, కొంచెం మెగ్నీషియం సల్ఫేట్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పెప్టోన్ వేసి 37 డిగ్రీల పైన పెట్టు. పెప్టోన్ దగ్గర జాగ్రత్త, కొన్ని రకాల్లో పిత్త లవణాలుంటాయి, అవి ఈ కణాలను పగలగొట్టేస్తాయి. ప్లేట్లు ఎండిపోకుండా కవర్లో చుట్టి పెట్టు, ఈ.కోలై లాగా మర్నాటికే కనబడాలని చూడకు, రోజులు పడుతుంది.

స్టెయిన్ మామూలు పద్ధతిలో చేస్తే మాత్రం నీళ్ళతో కడగ్గానే కణాలు పగిలిపోయి స్లైడు ఖాళీగా కనిపిస్తుంది. ముందు 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌తో ఫిక్స్ చేసి, ఆరాక రంగు వెయ్యి.