విద్యార్థులకు తలా ఒక సబ్‌డొమైన్: అపాచీలో ఎలా అమర్చాలి?

ప్రశ్న:
నమస్కారం. మా ఇంజనీరింగ్ కళాశాలలో ఉబుంటు మీద అపాచీ 2.4 (వెబ్ పేజీలను అందించే సాఫ్ట్‌వేర్) నడుస్తున్న సర్వరు ఒకటి ఉంది. విద్యార్థులందరికీ అందులో ఖాతాలున్నాయి. ప్రస్తుతం కళాశాల చిరునామా చివర టిల్డా గుర్తు, యూజర్ పేరు రాస్తే వారి పేజీ తెరుచుకుంటోంది. ఇకపై ఆ పేరే సబ్‌డొమైన్‌గా రావాలని అనుకుంటున్నాము. అయితే విద్యార్థి చేరినప్పుడల్లా డీఎన్ఎస్‌లో (సైటు పేరును సర్వరు ఐపీకి కలిపే వ్యవస్థ) ఒక రికార్డు, అపాచీలో ఒక వర్చువల్ హోస్ట్ (ఒక్కో సైటుకు ఇచ్చే అమరిక) చేర్చుకుంటూ పోవడం మా వల్ల అయ్యే పని కాదు. ఒక్కసారి అమర్చితే సరిపోయే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
ఉందండి. డీఎన్ఎస్‌లో పేరు స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి సర్వరు ఐపీకి ఒక వైల్డ్‌కార్డ్ రికార్డు (ఏ పేరుకైనా సరిపోయేది) ఇవ్వండి. ఒక పేరుకు విడిగా టెక్స్ట్ రికార్డు లాంటిది ఏదైనా ఉంటే ఆ పేరుకు వైల్డ్‌కార్డ్ వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి. తరువాత అపాచీలో వీహోస్ట్ ఏలియాస్ మాడ్యూల్‌ను చేతనం చేసి, సర్వర్ ఏలియాస్‌లో అదే నక్షత్రం పెట్టి, వర్చువల్ డాక్యుమెంట్ రూట్ (పేజీలుండే ఫోల్డరు) దారిలో యూజర్ పేరు రావలసిన చోట శాతం గుర్తు, దాని పక్కనే 1 అంకె రాయండి. బ్రౌజరు అడిగిన చిరునామాలో మొదటి చుక్కకు ముందున్న భాగాన్ని అపాచీ అక్కడ తానే నింపుకుంటుంది. కళాశాల ప్రధాన సైటు కూడా ఇదే సర్వరులో ఉంటే దాని వర్చువల్ హోస్ట్ ఈ నక్షత్రం హోస్ట్ కంటే ముందు రావాలి, ఎందుకంటే అపాచీ వరుసలో మొదట సరిపోలినదాన్నే ఎంచుకుంటుంది.

ఇంతా చేశాక 403 (అనుమతి లేదన్న సందేశం) వస్తే హోమ్ ఫోల్డరు అనుమతులు చూడండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు 750 అనుమతితో (యజమాని, గ్రూపు తప్ప ఇతరులు లోపలికి రాలేరు) తయారవుతున్నాయి కనుక అపాచీ లోపలికి వెళ్లలేదు. 711 (ఇతరులు లోపలికి వెళ్లగలరు కానీ జాబితా చూడలేరు) చేస్తే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, పేజీలు తెరుచుకుంటున్నాయి. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) సంగతి ఏమిటి?

జవాబు 2:
లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్టిఫికెట్ల సంస్థ 2018 నుంచి వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది. వాటికి డీఎన్ఎస్ ద్వారానే ధ్రువీకరణ జరగాలి కాబట్టి, ఏపీఐ (ప్రోగ్రాముతోనే రికార్డులు మార్చే వీలు) ఉన్న డీఎన్ఎస్ సేవను ఎంచుకుంటే పునరుద్ధరణ దానంతట అదే జరిగిపోతుంది. ఆ సర్టిఫికెట్ ఒక్క అంచెకే చెల్లుతుంది. సబ్‌డొమైన్ కింద మరో సబ్‌డొమైన్‌కు పనికిరాదు.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. విద్యార్థుల పేజీలను కళాశాల డొమైన్ కింద పెట్టకండి. పరీక్షల పోర్టల్ తన లాగిన్ కుకీని (లాగిన్ అయినట్టు బ్రౌజరులో దాచే చిన్న సమాచారం) డొమైన్ మొత్తానికి వర్తించేలా పెట్టి ఉంటే, అది విద్యార్థి పేజీకీ చేరుతుంది, అక్కడి పీహెచ్‌పీ కోడ్ (సర్వరులో నడిచే ప్రోగ్రాము) దాన్ని చదవగలదు. పోర్టల్ జాగ్రత్తగానే ఉన్నా, విద్యార్థి పేజీ తానే డొమైన్ మొత్తానికి ఒక కుకీ పెట్టి పోర్టల్‌ను తికమక పెట్టవచ్చు. గిట్‌హబ్ 2013లో వినియోగదారుల పేజీలను వేరే డొమైన్‌కు మార్చింది ఇలాంటి ప్రమాదాల వల్లనే. కాబట్టి వేరే డొమైన్ ఒకటి కొనండి. విద్యార్థులు ఒకరి కుకీలలో ఒకరు జోక్యం చేసుకోకుండా దాన్ని పబ్లిక్ సఫిక్స్ జాబితాలో (ఏ డొమైన్ల కింద సబ్‌డొమైన్లను వేర్వేరు సైట్లుగా చూడాలో బ్రౌజర్లకు చెప్పే జాబితా) చేర్చమని కోరవచ్చు.

జవాబు 1:
వారు చెప్పినది అక్షరాలా నిజం. పీహెచ్‌పీ అనుమతించేటట్లయితే ఖాతా సృష్టించే స్క్రిప్టులోనే ప్రతి యూజర్‌కూ వేరే ఎఫ్‌పీఎం పూల్ (ఆ యూజర్ పేరుతోనే పీహెచ్‌పీని నడిపే ప్రక్రియల సమూహం), దానికి తగ్గ హోస్ట్ అమరిక తయారయ్యేలా చూడండి. అందరి కోడూ ఒకే యూజర్ కింద నడిస్తే ఒకరి డేటాబేస్ పాస్‌వర్డు మరొకరు చదవగలరు. మెయిల్, అడ్మిన్, ఆటోడిస్కవర్ వంటి పేర్లతో ఎవరికీ ఖాతా ఇవ్వకుండా అదే స్క్రిప్టులో అడ్డుకట్ట వేయండి.