కుబెర్నెటీస్ యామల్ ఫైళ్లు చదవడానికి టైపులు కావాలా, మ్యాపు చాలా?

ప్రశ్న అడిగినవారు:
గో భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. కుబెర్నెటీస్ (అప్లికేషన్లను కంటైనర్లలో నడిపి నిర్వహించే వ్యవస్థ) యామల్ ఫైళ్లు (సెట్టింగులు రాసే టెక్స్టు ఫైళ్లు) చదివి, కంటైనర్ ఇమేజి (అప్లికేషన్ ప్యాకేజీ) వెర్షన్ మార్చి, తిరిగి అదే ఫైల్లో రాయాలి. డిప్లాయ్‌మెంట్, సర్వీస్ వంటి రిసోర్సులకు కుబెర్నెటీస్ వాళ్ల స్ట్రక్టులు, అంటే ఏ ఫీల్డులో ఏ రకం విలువ ఉండాలో ముందే చెప్పిన టైపులు, సిద్ధంగా ఉన్నాయి. వాటిలోకే చదవాలని మా బృందంలో కొందరు, వట్టి మ్యాపు (ఏ పేరు కిందైనా ఏ విలువైనా పెట్టుకునే పట్టిక) చాలని మరికొందరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

టైపులు కావాలనేవారు:
స్ట్రక్టులే వాడండి. కంటైనర్ పోర్టు విలువగా 8080 అని కొటేషన్ గుర్తుల మధ్య రాశారనుకోండి, మ్యాపు దాన్ని స్ట్రింగ్‌గా (వట్టి అక్షరాలుగా) తీసుకుని ఊరుకుంటుంది. స్ట్రక్టు అయితే అక్కడే ఆగిపోయి, సంఖ్య ఉండవలసిన చోట స్ట్రింగ్ వచ్చిందని ఫీల్డు పేరుతో సహా చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ స్ట్రక్టులకు యామల్ ట్యాగులు లేవు, ఉన్నవి జేసన్ ట్యాగులు (జేసన్ అనే మరో డేటా పద్ధతిలో ఫీల్డు పేరేమిటో చెప్పే గుర్తులు). మామూలు యామల్ లైబ్రరీకి అవి కనబడవు. అది ఫీల్డు పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి వెతుకుతుంది. నేను అలా చదివిన రోజు రెప్లికాల (ఒకే అప్లికేషన్ నకళ్ల) సంఖ్య 3 అని సరిగ్గానే వచ్చింది. కానీ డిప్లాయ్‌మెంట్ పేరు ఖాళీ, కంటైనర్ పోర్టు 0. ఎర్రర్ ఒక్కటీ లేదు! ఒక విలువ సరిగ్గా రావడం వల్లనే లైబ్రరీ మీద అనుమానం రాలేదు, రోజంతా వేరేచోట వెతికాను. యామల్‌ను ముందు జేసన్‌గా మార్చి చదివే కుబెర్నెటీస్ వాళ్ల లైబ్రరీనే వాడండి.

మ్యాపు చాలనేవారు:
చదవడం వరకు సరే, ఆయన తిరిగి రాయాలి కదా! స్ట్రక్టుకు తెలియని ఫీల్డు చదివేటప్పుడే జారిపోతుంది, రాసేటప్పుడు ఫైల్లోంచే మాయమవుతుంది. పైగా ఎవరూ అడగని ఖాళీ స్టేటస్ ఫీల్డు వచ్చి చేరుతుంది. ఇమేజి వెర్షన్ ఒక్కటి మార్చబోయి పాతిక లైన్ల తేడా చూపిస్తే సమీక్షించేవారు ఏం చేయాలి? సొంతంగా నిర్వచించుకున్న రిసోర్సుల సంగతి మరీ కష్టం: వాటి టైపును స్కీములో (తెలిసిన టైపుల జాబితాలో) నమోదు చేయకపోతే, ఫైలును స్ట్రక్టులోకి మార్చే డీకోడర్ చదవనే చదవదు.

టైపులు తప్పులన్నీ పడతాయన్నదీ నిజం కాదు. రెప్లికాస్ అన్న ఫీల్డు పేరులో చివరి అక్షరం మరిచిపోయి చూడండి. స్ట్రక్టు ఆ లైనును వదిలేస్తుంది, సర్వర్ 1 అని నింపుకుంటుంది.

టైపులు కావాలనేవారు:
ఆ అక్షరదోషం స్ట్రిక్ట్ పద్ధతిలో చదివితే దొరుకుతుంది, తెలియని ఫీల్డు కనబడగానే ఎర్రర్ ఇస్తుంది. తిరిగి రాయడం గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను. అయితే మ్యాపు కూడా ఫైల్లోని వ్యాఖ్యలను (కామెంట్లను) నిలపదు. ఫలానా వెర్షన్ దాటవద్దని ఎవరో ఫైల్లో రాసిపెట్టిన హెచ్చరిక రెండు దారుల్లోనూ పోతుంది. అది పోవడం నాకు అన్నిటికంటే బాధ.

ప్రశ్న అడిగినవారు:
మా ఫైళ్లలో అలాంటి హెచ్చరికలు చాలా ఉన్నాయి, వాటిని పోగొట్టలేను. అందుకని స్ట్రక్టులోకి స్ట్రిక్ట్‌గా చదివి సరిచూడటం వరకే చేస్తాను. మార్పును మాత్రం వ్యాఖ్యలను కూడా దాచుకునే యామల్ మూడో వెర్షన్ లైబ్రరీలోని నోడ్ చెట్టులో (ఫైల్లోని ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క నోడ్‌గా ఉంచే నిర్మాణంలో) చేస్తాను. సొంత రిసోర్సులకు సరిచూడటం ఉండదు, అది తెలిసే ఒప్పుకుంటున్నాను.

మ్యాపు చాలనేవారు:
ఇది నాకు నచ్చింది. ఒకే ఫైల్లో మూడు గీతలతో విడదీసిన పత్రాలు ఉంటే ఒక్కొక్కటిగా విడగొట్టి చదవండి. ఒక్కసారి చదివి ఊరుకుంటే మొదటి పత్రమే వస్తుంది, మిగతావి ఉన్నట్టు కూడా తెలియదు.